బ్లాక్ సబ్బాత్ పాటల్ని ‘క్షుద్ర సంగీతం’ అనవచ్చా?

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. ఓజీ ఆస్బోర్న్ గురించి ఒక వెబ్ పత్రికకు వ్యాసం రాస్తున్నాను. ఆయన పాడిన బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండు గురించి ఇంగ్లీషులో ఎక్కడ చదివినా ‘ఒకల్ట్’ అనే మాట ఎదురవుతుంది. నేను ‘నిగూఢ విషయాలు’ అని రాస్తే సంపాదకులు ‘క్షుద్ర సంగీతం’ అని మార్చారు. అలా రాస్తే పాఠకుడికి వెంటనే తెలుస్తుందని వారి వాదన. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. సరైన మాట ఏదో చెప్పగలరా? ‘సబ్బాత్’ గురించి కూడా ఒక మాట. మన బైబిల్లో అది ‘విశ్రాంతిదినము’. ‘నల్ల విశ్రాంతిదినం’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు కదా!

జవాబు

మీ మనసు చెప్పిందే నిజమండీ. ఆ మార్పుకు ఒప్పుకోకండి.

సంస్కృతంలో క్షుద్రం అంటే చిన్నది, అల్పమైనది, నీచమైనది. తెలుగు వాడుకలో ఇప్పుడు దానికి దాదాపు ఒకే అర్థం మిగిలింది: ఎదుటివారికి కీడు చేయడానికి జరిపే పూజ. చేతబడి, చిల్లంగి, బాణామతి అని ప్రాంతాన్ని బట్టి పేర్లు మారినా, చేసినవాడు ఒకడు, దెబ్బతిన్నవాడు ఒకడు ఉన్నారన్న నమ్మకం అన్నిటిలోనూ ఉంది. అందుకే ఆ మాట చెవిన పడగానే జనం ‘ఎవరు చేశారు?’ అని వెతుకుతారు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన దగ్గర ఇంకా ఆగలేదు. ఇంత బరువున్న మాటను నలుగురు పాటగాళ్ల మీద పెట్టేముందు, వాళ్లు ఏం పాడారో వినాలి.

బ్యాండు పేరే పేరుగా ఉన్న మొదటి పాట తీసుకోండి. వాన, ఉరుము, దూరంగా చర్చి గంట వినిపిస్తాయి. ఎదురుగా నల్లటి ఆకారం ఒకటి నిలబడి, కథ చెబుతున్నవాడినే వేలెత్తి చూపిస్తుంది. వాడు వెనుదిరిగి పరుగెత్తుతాడు, దేవుణ్ణి కాపాడమని వేడుకుంటాడు. ఆ పాటలో మంత్రం లేదు, మంత్రగాడు లేడు. భయంతో వణికిపోతున్న మనిషి ఒక్కడే ఉన్నాడు.

ఆ పాట వెనక బేస్ గిటారిస్టు గీజర్ బట్లర్ చెప్పిన ఒక అనుభవం ఉంది. తొలినాళ్లలో పాటల మాటలు చాలావరకు రాసింది ఆయనే. ఐరిష్ మూలాలున్న కాథలిక్ కుటుంబంలో పెరిగాడు. కుర్రతనంలో మంత్రతంత్రాల పుస్తకాలు, పత్రికలు విపరీతంగా చదివాడు, తన గదికి నల్ల రంగు వేసుకున్నాడు. ఒకసారి ఓజీ ఆయనకు మంత్రవిద్య మీద ఒక పాత పుస్తకం తెచ్చి ఇచ్చాడట. ఆ రాత్రి మెలకువ వచ్చేసరికి మంచం కాళ్ల దగ్గర నల్లటి ఆకారం నిలబడి ఉందనీ, లేచి చూస్తే పుస్తకం మాయమైందనీ బట్లర్ చెబుతాడు. ఆ దెబ్బతో ఆయన ఆ వ్యవహారం జోలికి పోవడం మానుకున్నాడు. మనం నమ్మినా నమ్మకపోయినా, పాట పుట్టింది మాత్రం భయంలోంచే.

ఇక పేరు. ఈ నలుగురిదీ బర్మింగ్‌హామ్‌లో ఆస్టన్ అనే పేట. కార్మికుల ఇళ్లు, ఫ్యాక్టరీలు, యుద్ధంలో బాంబులు పడి పాడైన స్థలాలు, ఇవీ వాళ్లు పెరిగిన పరిసరాలు. 1968లో బ్యాండు కట్టి బ్లూస్ (అమెరికాలో నల్లజాతివారి నుంచి వచ్చిన సంగీతం) వాయించేవారు, ‘ఎర్త్’ అని పేరు పెట్టుకున్నారు. అదే పేరుతో మరో బ్యాండు ఉండడంతో 1969లో మార్చుకోవాల్సి వచ్చింది. రిహార్సల్ గదికి ఎదురుగా ఉన్న సినిమా హాల్లో బోరిస్ కార్లాఫ్ నటించిన ఇటాలియన్ భయానక చిత్రం ఇంగ్లీషులో ‘బ్లాక్ సబ్బాత్’ పేరుతో ఆడేది. భయపడడానికి జనం డబ్బిచ్చి మరీ వరుసలో నిలబడుతున్నారని వీళ్లు గమనించారు. అంటే ఆ పేరు పూజగదిలోంచి కాదు, సినిమా హాల్లోంచి వచ్చింది.

ఆ బరువైన శబ్దానికి కూడా దయ్యాలతో పని లేదు. గిటారిస్టు టోనీ అయోమీ ఎడమచేతి వాటం మనిషి, తీగల మీద నొక్కేది కుడిచేత్తో. పదిహేడేళ్ల వయసులో, రేకుల ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసే చివరి రోజున, అదే చేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు యంత్రంలో పడి తెగిపోయాయి. ఇక వాయించలేనని కుమిలిపోతుంటే ఫ్యాక్టరీ మేనేజరు జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. రెండు వేళ్లు కాలిపోయినా గొప్ప గిటారిస్టుగా నిలబడ్డవాడు రైన్‌హార్ట్. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలు ముక్క అతికించాడు. నొప్పి తగ్గడానికి పలుచని తీగలు వేశాడు. 1971 నాటికి తీగల్ని మూడు స్వరస్థానాలు కిందికి వదులు చేశాడు. ఆ లోతైన మోత అలా వచ్చింది. హెవీ మెటల్ అనే ఈ బరువైన రాక్ సంగీతం చరిత్ర రాసేవాళ్లు ఎవరైనా ఈ తొడుగుల దగ్గర కాసేపు ఆగాలి. సాతాను కంటే ఆ ఫ్యాక్టరీ యంత్రమే ఈ సంగీతానికి ఎక్కువ దగ్గర అని నా నమ్మకం.

మరో సభ్యుడు

మాస్టారూ, మీరు వాళ్లను మరీ వెనకేసుకొస్తున్నారేమో. మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న, పాశ్చాత్యులు అపశకునం అనుకునే పదమూడో తేదీ శుక్రవారం చూసి మరీ విడుదలైంది. లోపలి అట్ట మీద తలకిందులు శిలువ ఉంది. అదే ఆల్బమ్‌లో ‘ఎన్.ఐ.బి.’ అనే పాట ఉంది, అందులో మాట్లాడేది సాక్షాత్తూ సాతానే. దాన్నేమంటారు?

జవాబు

మంచి ప్రశ్న వేశారన్నా. శుక్రవారం పదమూడు, తలకిందులు శిలువ, రెండూ రికార్డు కంపెనీ తరఫు పనులు. ఆ శిలువ సంగతి తమకు ముందు తెలియదని బ్యాండు సభ్యులు చెప్పారు. ముఖచిత్రం మీద నల్లబట్టల స్త్రీ వెనక కనబడేది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని మేపుల్‌డరమ్ నీటిమిల్లు. ఆల్బమ్ రికార్డింగ్ 1969 అక్టోబరులో ఒకే రోజులో అయిపోయింది. పాటలు వాయించేసి వెళ్లిపోయిన కుర్రాళ్ల చేతిలో అట్ట ఎలా ఉంటుందన్న నిర్ణయం లేదు.

‘ఎన్.ఐ.బి.’ గురించి మీరన్నది నిజం, అందులో మాట్లాడేది సాతానే. కానీ ఏం మాట్లాడతాడు? ఒక అమ్మాయిని ప్రేమించి, ఆ ప్రేమలో పడి మారిపోతున్నానంటాడు. పేరులో ఏదో రహస్య సంకేతం ఉందని అభిమానులు ఏళ్ల తరబడి అర్థాలు చెప్పుకున్నారు. అసలు సంగతి, డ్రమ్మర్ బిల్ వార్డ్ గడ్డం అప్పట్లో పెన్ను పాళీలా ఉండేది. ఇంగ్లీషులో పాళీని ‘నిబ్’ అంటారు, దాని మధ్య చుక్కలు చేరాయి. చెడ్డ పాత్రకు గొంతు ఇవ్వడం, ఆ పాత్రను కొలవడం ఒకటి కాదు. మన పౌరాణిక నాటకాల్లో దుర్యోధనుడి పద్యాలకు వన్స్ మోర్ కొట్టినవాళ్లెవరూ కౌరవ పక్షం వాళ్లు కారు.

అటువైపు కూడా చూడండి. 1971 ఆల్బమ్‌లోని ‘ఆఫ్టర్ ఫరెవర్’ పాటలో బట్లర్ దేవుణ్ణి నమ్మమని సూటిగా చెబుతాడు. నలుగురూ మెళ్లో వేసుకుని తిరిగిన శిలువలు ఓజీ తండ్రి లోహంతో చేసి ఇచ్చినవి. ఆయన పనిముట్లు తయారుచేసే కార్మికుడు. కీడు తగలకుండా కొడుకు మెళ్లో ఏదో ఒకటి వేసే తండ్రి మన ఊళ్లలోనూ ఉంటాడు.

సంగీతం నేర్పే ఒక సభ్యురాలు

మొదటి పాటలో వినబడే ఆ స్వరాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. అయోమీ వాయించేవి మూడే స్వరాలు: జి, పై స్థాయి జి, సి షార్ప్. జిని షడ్జమం అనుకుంటే సి షార్ప్ మన ప్రతిమధ్యమం. పన్నెండు స్వరస్థానాల్లో సరిగ్గా సగం దూరంలో ఉంటుంది. పాశ్చాత్య సంగీతంలో ఈ దూరాన్ని ట్రైటోన్ అంటారు, దానికి లాటిన్‌లో ‘డయాబొలస్ ఇన్ మ్యూజికా’, అంటే ‘సంగీతంలో సాతాను’ అన్న పేరు కూడా ఉంది. గొంతుకు పట్టుబడదని, వినడానికి కటువుగా ఉంటుందని పాత శాస్త్రకారులు దాన్ని తప్పించుకునేవారు. చర్చి దాన్ని నిషేధించిందనీ, వాయిస్తే శిక్షించేదనీ చెప్పే కథలకు ఆధారం లేదు.

మనకైతే 72 మేళకర్తల్లో 36 రాగాలు ప్రతిమధ్యమంవే. కల్యాణి అందులోదే, పంతువరాళి అందులోదే. ‘నిధి చాల సుఖమా’ అని త్యాగరాజస్వామి అడిగింది ఆ స్వరం ఉన్న రాగంలోనే. కల్యాణిలో ఆ మధ్యమం పక్కన గాంధారం, పంచమం ఉంటాయి, వాటి మీదుగా గమకంతో నడుస్తుంది కాబట్టి నిండుగా వినిపిస్తుంది. అయోమీ దానికి తోడు లేకుండా చేశాడు. ఒంటరిగా నిలిపి, అక్కడే వణికించి వదిలేస్తాడు. విన్నవాళ్లకు కలిగే బెదురు ఆ నిలిపిన తీరువల్ల వస్తుంది. గుస్టావ్ హోల్స్ట్ కుజగ్రహం మీద కూర్చిన ఆర్కెస్ట్రా సంగీతమంటే బట్లర్‌కు ఇష్టమట, ఈ స్వరాలకు ఆలోచన అక్కడి నుంచే వచ్చిందంటారు.

జవాబు

ఇది నాకు చాలా ఉపయోగపడే మాట మేడమ్. ‘డయాబొలస్’కు మన బైబిల్లో ‘అపవాది’ అని ఉంటుంది. లేని నింద మోపేవాడని అర్థం, గ్రీకు మాటకు అది సరిగ్గా సరిపోయే తెలుగు. మీరు చెప్పింది విన్నాక, ఆ స్వరం మీదే పెద్ద అపవాదు పడిందనిపిస్తోంది.

ఇప్పుడు ‘సబ్బాత్’ సంగతి. యూదుల విశ్రాంతిదినానికీ దీనికీ మధ్య ఒక చేదు చరిత్ర ఉంది. యూరప్‌లో 15వ శతాబ్దం నుంచి మంత్రగత్తెలన్న నెపంతో ఆడవాళ్లనూ మగవాళ్లనూ విచారించి చంపారు. వాళ్లు రాత్రిపూట గుమిగూడి సాతానును కొలుస్తారని న్యాయాధికారులు నమ్మారు, చిత్రహింసలు పెట్టి అవునని చెప్పించారు. ఆ ఊహాసభకు ‘సబ్బాత్’ అని పేరు పెట్టారు. కొన్ని పాత పత్రాల్లో ‘సినగోగు’ (యూదుల ప్రార్థనామందిరం) అని కూడా ఉంటుంది. యూదులంటే ద్వేషం ఉన్న రోజులు కాబట్టి వాళ్ల పవిత్రమైన మాటల్నే తెచ్చి అంటగట్టారు. అంటే ఈ అర్థంలో ‘సబ్బాత్’ మంత్రగత్తెలు తమకు పెట్టుకున్న పేరు కాదు, నేరం మోపినవాళ్లు పెట్టిన పేరు. మన ‘క్షుద్రం’ కూడా అలాంటిదే. ఏ ఊళ్లోనూ ‘నేను క్షుద్రం చేస్తాను’ అని బోర్డు పెట్టుకున్నవాళ్లు ఉండరు, పక్కవాళ్లే అంటారు.

గుంటూరు జిల్లా నుంచి ఒక సభ్యురాలు

అన్నయ్యా, ‘వార్ పిగ్స్’ పాటలో సైన్యాధిపతులు గుంపులుగా చేరడాన్ని బ్లాక్ మాస్‌తో పోల్చారు కదా. మేము కాథలిక్కులం, మాస్‌ను ‘దివ్యబలిపూజ’ అంటాం, ఇంట్లో మామూలుగా ‘పూజ’ అనేస్తాం. బ్లాక్ మాస్‌ను ‘నల్లపూజ’ అని అనువదిస్తే బయటివాళ్లు వేరే అర్థం తీసుకుంటారేమో?

జవాబు

తీసుకుంటారమ్మా, తప్పకుండా తీసుకుంటారు. అక్కడ ‘దివ్యబలిపూజను వెక్కిరిస్తూ చేసే తంతు’ అని విప్పి రాయడమే మేలు. బట్లర్ ఆ చోట ‘మాసెస్’ అనే మాటను రెండుసార్లు వాడి ప్రాస కట్టాడు. ఒకసారి గుంపులు, ఇంకోసారి పూజలు. ఒకే మాటతో ప్రాసేమిటని విమర్శించినవాళ్లు ఉన్నారు. నాకైతే అది యమకంలా బాగుంటుంది, తెలుగులో మాత్రం నిలబడదు.

ఈ పాటకు మొదట పెట్టిన పేరు ‘వాల్‌పర్గిస్’. ఏప్రిల్ 30 రాత్రి మంత్రగత్తెలు జర్మనీలోని బ్రోకెన్ కొండ మీద కలుస్తారని ఒక నమ్మకం, ఆ రాత్రి పేరు అది. సాతాను వాసన కొడుతోందని కంపెనీ అభ్యంతరం చెప్పడంతో పేరూ మాటలూ మారాయి. అది వియత్నాం యుద్ధకాలం. పేదల బిడ్డల్ని చావుకు పంపి తాము చల్లగా కూర్చునేవాళ్లే బట్లర్ దృష్టిలో అసలు సాతానులు. చివరికి వాళ్లకు దేవుడి తీర్పు పడుతుంది, సాతాను నవ్వుతూ రెక్కలు విప్పుతాడు. పాట అక్కడ ముగుస్తుంది. దీన్ని ‘క్షుద్ర సంగీతం’ అంటే యుద్ధం చేయించినవాళ్లను వదిలేసి యుద్ధాన్ని తిట్టినవాళ్లను పట్టుకున్నట్టవుతుంది.

అన్నట్టు, మెటల్ కచేరీల్లో చూపుడువేలు, చిటికెనవేలు పైకెత్తి చూపే సైగను చాలామంది సాతాను గుర్తు అంటారు. 1979లో ఓజీని పంపేశాక వచ్చిన గాయకుడు రానీ జేమ్స్ డియో దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. అది తన ఇటాలియన్ నానమ్మ దగ్గర చూశానని, దిష్టి తగలకుండా ఆమె అలా పట్టేదని ఆయన చెప్పాడు. దీనికి మాత్రం మనకు అచ్చంగా సరిపోయే మాట ఉంది. ‘దిష్టి సైగ’ అని రాస్తే ఏ తెలుగు పాఠకుడూ రెండోసారి అడగడు.

ఇక మీ వ్యాసానికి నా సలహాలు. పాటల్లోని విషయాన్ని చెప్పేచోట ‘మంత్రతంత్రాలు, దయ్యాల భయం’ అని రాయండి. మనిషి నిజంగా ఆ విద్యను సాధన చేసినచోట ‘గుప్తవిద్య’ అనండి. లాటిన్‌లో ఒకల్ట్‌కు మూలార్థం ‘దాచినది’, గుప్తం కూడా అదే. 1980లో ఓజీ సొంతంగా పాడిన పాటలోని అలెస్టర్ క్రౌలీ అనే ఇంగ్లీషు మంత్రవిద్యా సాధకుడి లాంటివాళ్లకు ఆ మాట చక్కగా నప్పుతుంది. ‘నిగూఢం’ తప్పు కాదు గానీ, తత్త్వశాస్త్రం అనుకునే ప్రమాదం ఉంది.

బ్యాండు పేరును అనువదించవద్దు. ‘బ్లాక్ సబ్బాత్’ అని ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘మంత్రగత్తెల రాత్రిసభ అని యూరప్‌లో పాత నమ్మకం’ అని ఒక్క ముక్క చేర్చండి. 2025 జులై 5న ఈ నలుగురూ చివరిసారి కలిసి వాయించింది తమ ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ స్టేడియంలో. అదే నెల 22న ఓజీ పోయాడు. మీ వ్యాసంలో ఆస్టన్ పేరు తప్పకుండా ఉండేలా చూడండి. సంపాదకులు ఇంకా ‘క్షుద్ర’ దగ్గరే పట్టుబడితే ఈ చర్చ లంకె వారికి పంపండి, నేనే మాట్లాడతాను.