ఎమర్జెన్సీ పిల్ తర్వాత డేట్ దాటింది, చాలా భయంగా ఉంది

ప్రశ్న:
అక్కలూ, పీరియడ్ మొదలైన పదో రోజున కండోమ్ చిరిగింది. మర్నాడే 1.5 ఎంజీ లెవోనోర్జెస్ట్రెల్ మాత్ర (గర్భం రాకుండా వేసుకునే ఎమర్జెన్సీ పిల్) వేసుకున్నాను. నాలుగు రోజులకి గోధుమరంగులో కొద్దికొద్దిగా రెండు రోజులు కనిపించింది, అమ్మయ్య వచ్చేసింది అనుకున్నా. కానీ అసలు డేట్ దాటి ఇప్పటికి 6 రోజులు. నాకెప్పుడూ 28 రోజులకే వస్తుంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు, ఇంట్లో చెప్పలేను. మధ్యలో కనిపించింది పీరియడ్ కాదా?

జవాబు 1:
కాదమ్మా, అది స్పాటింగ్, ఆ మాత్ర వేసుకున్నాక చాలామందికి అవుతుంది. దాన్ని పీరియడ్‌గా లెక్కేసుకోకు. ఈ మాత్ర ముఖ్యంగా చేసే పని అండం విడుదలని వెనక్కి నెట్టడం, నువ్వు పదకొండో రోజున వేసుకున్నావు కాబట్టి అండమే ఆలస్యమై ఉంటే పీరియడ్ కూడా వెనక్కి జరుగుతుంది. వారం అటూ ఇటూ మామూలే. నాకైతే ఐదు రోజులు ముందే వచ్చింది, అదీ ఎప్పుడూ లేనంత ఎక్కువగా.

జవాబు 2:
ఇంకో మాత్ర వేసుకో, వచ్చేస్తుంది.

జవాబు 3:
దయచేసి అలా చెప్పకండి. ఇది పీరియడ్ తెప్పించే మాత్ర కాదు, గర్భం వచ్చి ఉంటే తీసేసేది అసలే కాదు. చెల్లీ, కలిసి దాదాపు 25 రోజులయింది కదా, 21 రోజులు దాటితే యూరిన్ టెస్ట్‌ని నమ్మొచ్చు. ఊరికే ఊహించుకుని ఏడ్చేకంటే రేపు పొద్దున్నే చేసుకో. మాత్ర వేసుకున్న రెండు మూడు గంటల్లోపు వాంతి అయిందా? ఫిట్స్‌కి గానీ టీబీకి గానీ మందులు వాడుతున్నావా? వాటిలో కొన్ని దీని పనిని తగ్గిస్తాయి. పొత్తికడుపులో ఒకపక్క బాగా నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం టెస్ట్ కోసం కూడా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లు.

ప్రశ్న అడిగినవారు:
వాంతి కాలేదు, మందులేమీ లేవు, నొప్పి లేదు. కానీ మాత్ర వేసుకున్న వారానికి ఒకసారి జాగ్రత్త లేకుండా కలిశాం, దాని ప్రభావం ఇంకా ఉంటుందనుకున్నాను.

జవాబు 3:
ఉండదురా, తర్వాత కలిసినదానికి అది రక్షణ ఇవ్వదు. అండం వెనక్కి జరిగి ఉంటే ఆ రోజులే ఇంకా ప్రమాదం. రేపు టెస్ట్ చెయ్యి, నెగెటివ్ వచ్చినా అక్కడితో వదిలేయకు, ఆ రెండోసారి నుంచి 21 రోజులు లెక్కపెట్టి మళ్లీ చెయ్యి. అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి. రిజల్ట్ ఏదైనా ఇక్కడ రాయి, నేను చూస్తూ ఉంటాను.