డాక్టర్ సూస్ బొమ్మల తోట చూసినోళ్ళు ఉన్నారా?

నల్గొండ తాత: వచ్చే నెల బోస్టన్‌లో బిడ్డ దగ్గరికి పోతున్నాం. మనవరాలికి అమెరికా పిల్లల రచయిత డాక్టర్ సూస్ కథలంటే పిచ్చి, ఆయన పుట్టిన స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కంచు బొమ్మల తోట ఉందంట, దానికోసం అంత దూరం పోవచ్చా? టికెట్ ఎంత?

పాలమూరు పిలగాడు: పోండి సార్. 145 కిలోమీటర్లు, అంటే నల్గొండ నుంచి హైదరాబాద్ దాటి ఇంకొంచెం. తోట ఫ్రీ, పక్కన మ్యూజియంకే టికెట్. 2002లో తెరిచారు, బొమ్మలు చేసింది ఆయన భార్య కూతురే. మన దగ్గర పిల్లల రచయితకు ఒక్క పార్కన్నా ఉందా అనిపిస్తది!

మిర్యాలగూడ అమ్మ: ఆయన బల్ల దగ్గర కూర్చొని ఉంటే పక్కన పొడుగు టోపీ పిల్లి నిలబడి ఉంటుంది. మావాడైతే ఒకదాని మీద ఒకటి ఎక్కిన తాబేళ్ళను పట్టుకుని వదల్లేదు. ఎండలో కంచు కాలుతుంది బాబాయ్, పొద్దున్నే పోండి.