పబ్లిక్ కీ అందరి దగ్గరా ఉంటే ప్రైవేట్ కీ కనిపెట్టలేరా?

ప్రశ్న (చిత్తూరు):
ఆడిటర్ ఆఫీసులో పని చేస్తున్నాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల జీఎస్టీ రిటర్నులే ఎక్కువ. డైరెక్టర్ల డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు (ప్రైవేట్ కీ, అంటే సంతకం పెట్టే రహస్య సంఖ్య, ఉండే పెన్‌డ్రైవ్ లాంటివి) మా డ్రాయర్లోనే ఉంటాయి, పిన్ వాటి మీద స్టిక్కర్ వేసి రాసుంటుంది. దానికి జోడీగా అందరికీ ఇచ్చే పబ్లిక్ కీతో సంతకాన్ని ఎవరైనా సరిచూడొచ్చంటారు కదా. మరి దాన్నుంచే ప్రైవేట్ కీ లెక్కగట్టి దొంగ సంతకం పెట్టలేరా?

జవాబు 1 (తిరుపతి, లెక్కల లెక్చరర్):
53ని 61తో గుణిస్తే 3233. ఇది నిమిషం పని. అదే 3233 ఇచ్చి ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమో చెప్పమంటే ఒక్కోదానితో భాగించుకుంటూ పోవాలి. 1977 నాటి ఆర్‌ఎస్‌ఏ అనే కీల పద్ధతి నిలబడింది ఈ తేడా మీదే. 3233, మనం ఎంచుకున్న 17 పబ్లిక్ కీగా అందరికీ ఇస్తాం, 2753 ప్రైవేట్ కీగా దాచుకుంటాం. 53, 61 తెలిసినవాడికి 2753 ఇట్టే వస్తుంది. రహస్యం పంపాలంటే పబ్లిక్ కీతో మూసి ప్రైవేట్ కీతో తెరుస్తారు, సంతకానికి ఇది తిరగబడుతుంది.

అసలు కీలలో 2048 బిట్ల సంఖ్య, అంటే 617 అంకెలు. 2020లో విడగొట్టింది 250 అంకెలది, అదీ బోలెడు కంప్యూటర్లు కలిపి.

కీ తయారీలో కక్కుర్తి పడితే మాత్రం ఇదంతా దండగ. 2012లో పరిశోధకులు నెట్‌లోని కీలన్నీ పోగేసి చూస్తే, రౌటర్ల లాంటి కొన్ని పరికరాల కీలలో ఒకే ప్రధాన సంఖ్య మళ్లీ మళ్లీ పడింది. ఆన్ చేయగానే కీ తయారు చేసుకున్నాయి, అప్పటికి వాటి దగ్గర సరైన యాదృచ్ఛిక సంఖ్యలు లేవు. అలాంటి రెండు కీలకు గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం) కడితే రెండూ విడిపోతాయి. హైస్కూలు లెక్క!

మీ ఆఫీసులో గసాభా కూడా అక్కర్లేదు, డ్రాయర్ లాగితే చాలు.

జవాబు 2 (తిరుపతి):
సార్ చెప్పనిది ఇంకోటుంది. పబ్లిక్ కీ హుండీ లాంటిదంటారు: ఎవరైనా వేయొచ్చు, తెరిచేది దేవస్థానం వాళ్లే. అలిపిరి దగ్గర ఎవడైనా దొంగ హుండీ పెడితే? ఈ కీ ఫలానా వాళ్లదేనని పూచీ పడటానికే సర్టిఫికెట్. ఆ పూచీ కూడా తప్పుతుంది. 2014లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ సర్టిఫికెట్ల విభాగం నుంచి గూగుల్ డొమైన్ల పేరుతో అనుమతి లేని సర్టిఫికెట్లు బయటికొచ్చాయి. తర్వాత రద్దు చేశారనుకోండి.

ప్రశ్న అడిగినవారు:
స్టిక్కర్లు పీకేద్దామని మా సార్‌తో అన్నాను. "రిటర్నుల గడువు 20వ తేదీన ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పిన్ అడుగుతూ కూర్చుంటావా?" అన్నారు.

జవాబు 1:
పిన్ అడగడమెందుకు? టోకెన్ వాళ్ల దగ్గరే ఉండాలి, సంతకం వాళ్లే పెట్టుకోవాలి. ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేట్ కీ చేయి జారకుండా చూసుకోవాల్సింది ఆ డైరెక్టరే. ఇంకొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసంతో వాడితే 66సీ కింద మూడేళ్ల దాకా జైలు. ఈ రెండు సెక్షన్లూ ప్రింట్ తీసి మీ సార్ టేబుల్ మీద పెట్టండి.