ఫ్యాషన్ వీక్ బయట స్ట్రీట్ స్టైల్ ఫోటోలు: అడిగి తీయాలా, అడక్కుండానా?

గోడమీదపిల్లి:
అందరికీ నమస్తే. నేను తీసేవి ఎక్కువగా పోర్ట్రెయిట్లు, అవీ తెలిసినవాళ్లవే. వచ్చే సీజన్‌లో ఫ్యాషన్ వీక్ జరిగే ఊళ్లో కొన్నాళ్లు ఉండబోతున్నాను. లోపలికి పాస్ లేదు, వచ్చే ఆశ కూడా లేదు. హాళ్ల బయట నిలబడి వచ్చేపోయేవాళ్లని తీద్దామనుకుంటున్నా. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 35, 85 ఎంఎం ప్రైమ్ (జూమ్ లేని) లెన్సులు ఉన్నాయి. 70-200 జూమ్ అద్దెకు తీసుకోవడం అవసరమా? అసలు టెన్షన్ లెన్సు గురించి కాదు లెండి, మనుషుల గురించి. ముక్కూమొహం తెలియనివాళ్ల మీదకి కెమెరా ఎత్తాలంటే నాకు చేతులు రావు. అడిగితే వెంటనే పోజు పెట్టేస్తారు, అడక్కపోతే ఏమంటారోనని భయం. తీసినవాటిని ఎవరికైనా అమ్ముకోవచ్చా అన్నది కూడా తెలియదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మూడోకన్ను:
పాస్ గురించి బెంగ వద్దు, స్ట్రీట్ స్టైల్ అంటేనే బయటి వ్యవహారం. షెడ్యూల్ దాచిపెట్టేదేమీ కాదు, పారిస్‌ది అక్కడి ఫ్యాషన్ ఫెడరేషన్, న్యూయార్క్‌ది సీఎఫ్‌డీఏ (అమెరికా ఫ్యాషన్ డిజైనర్ల సంఘం) తమ సైట్లలో పెడతాయి, మిగతా ఊళ్లవీ దొరుకుతాయి. టైములుంటాయి గానీ అడ్రసులు అన్నిసార్లూ ఉండవు, అవి తోటి ఫోటోగ్రాఫర్లని అడిగితే తెలుస్తాయి.

షో నడిచేది పది పదిహేను నిమిషాలే, చెప్పిన టైముకి అరగంట ఆలస్యంగా మొదలవడం మామూలు. కాబట్టి మీకు పని తగిలేది రెండుసార్లు, ముందు ఒక ముప్పావుగంట, అయిపోయాక ఒక పది నిమిషాలు. చాలామంది మొదటిది తీసేసి తర్వాతి హాలుకి పరిగెడతారు. నన్నడిగితే రెండోదే బంగారం. లోపలికి వెళ్లేటప్పుడు కెమెరాలున్నాయని అందరికీ తెలుసు, నడకే మారిపోతుంది. బయటికి వచ్చేటప్పుడు తర్వాతి షోకి ఆలస్యమైపోతోందన్న కంగారు. ఫోన్‌లో కారు ఎక్కడుందో చూసుకుంటూ, చంకలో ఆహ్వానపత్రం ఇరికించుకుని, జారిపోతున్న కోటుని భుజంతోనే పైకి ఎగదోసుకుంటూ వస్తారు. ఆ బట్ట ఒంటి మీద ఎలా కదులుతుందో అప్పుడు కనిపిస్తుంది, పోజులో కనిపించదు.

గుమ్మం దగ్గర నిలబడకండి. అక్కడ ప్రతి ఫ్రేములోనూ ఎవరిదో ఒకరి మోచెయ్యి, ఎవరిదో ఒకరి ఫ్లాష్ పడి చస్తుంది. కార్లు ఆగే చోటికీ గుమ్మానికీ మధ్య, గుంపు ఇంకా మొదలవని చోట, ఒక శుభ్రమైన గోడ, పక్కనించి నీడ వెలుగు ఉన్న జాగా చూసుకుని అక్కడే పాతుకుపోండి. వాళ్ల వెంట మీరు పడటం కాదు, వాళ్లే మీ వెలుగులోకి నడిచి రావాలి.

లెన్సు సంగతి. మనిషిని తల నుంచి చెప్పుల దాకా పట్టాలంటే 85తో ఐదారు మీటర్ల దూరం కావాలి, ఆ దూరంలో మధ్యలోకి ఎవరో ఒకరు దూరుతారు, అదొక్కటే తలనొప్పి. 35కి రెండు మీటర్లు చాలు కానీ కంటి ఎత్తు నుంచి తీస్తే కాళ్లు పొట్టిగా వస్తాయి, కెమెరాని నడుము దాకా దించి తీయండి. 70-200 అక్కర్లేదు, మోసుకు తిరగలేక మెడ పట్టేస్తుంది. నడిచేవాళ్లకి షట్టర్ వేగం 1/500 సెకను కంటే తగ్గించొద్దు, ఆటోఫోకస్ కంటిన్యువస్‌లో ఉంచండి. ఎఫ్ 1.8 మోజు (లెన్సు రంధ్రం బాగా తెరిచి తీయడం) వదిలేయండి, ముందుకు వేసిన కాలో చేతిలో బ్యాగో ఫోకస్ తప్పిపోతుంది, ఇక్కడ మనం తీసేదే వాటిని కదా. 2.8 లేదా 4 పెట్టుకోండి. ఇంకోటి, దయచేసి పాదాలు కోసేయకండి.

ఏకలవ్య77:
అడగాలా వద్దా అన్నదానికి ఒకే జవాబు లేదు, రెండు దారుల్లోనూ మహామహులున్నారు. బిల్ కన్నింగ్‌హామ్ (2016లో పోయారు) న్యూయార్క్‌లో ఫిఫ్త్ అవెన్యూ, 57వ వీధి కలిసే మూల దగ్గర నీలం రంగు పనివాళ్ల జాకెట్ వేసుకుని, సైకిలు పక్కన పెట్టుకుని దశాబ్దాలపాటు అడక్కుండానే తీశారు. ఆయన కన్ను ఎవరు వేసుకున్నారన్న దాని మీద కాదు, ఏం వేసుకున్నారన్న దాని మీద. ఒకే తరహా కోటు వీధిలో మళ్లీ మళ్లీ కనిపిస్తే న్యూయార్క్ టైమ్స్‌లో ఆయన కాలమ్‌కి అదే సరుకు. మరోవైపు 2005లో ది సార్టోరియలిస్ట్ బ్లాగు మొదలుపెట్టిన స్కాట్ షూమన్ ఎక్కువగా ఆపి, అడిగి తీసేవాడు. టోక్యోలో షోయిచి ఆవోకి 1997 నుంచి ఫ్రూట్స్ పత్రిక కోసం హరాజుకు పేట కుర్రకారుని నిలబెట్టి, నిటారుగా, తల నుంచి పాదం దాకా తీశాడు. అవి పోజులే, అయినా ఇవాళ చూస్తే ఆ కాలం మొత్తం అందులో ఉంది. అంచేత పోజు అనగానే మొహం చిట్లించుకోనక్కర్లేదు.

చేతులు రావట్లేదన్నారు కాబట్టి మీరు అడగడంతోనే మొదలుపెట్టండి. "ఒక ఫోటో ప్లీజ్" అని గాల్లోకి అరవకండి, అలా అరిచేవాళ్లు అక్కడ బోలెడుమంది. దగ్గరికెళ్లి ఏం నచ్చిందో అదే చెప్పండి. ఒకావిడ స్వెటర్ చెయ్యి మడవకుండా దాని మీదే వాచీ కట్టుకుని వచ్చింది, పట్టీ కింద ఉన్ని కాస్త ముడతపడి ఉంది. "ఆ వాచీ అలా పెట్టుకోవడం భలే ఉంది, తీయనా?" అనగానే నవ్వేసి చెయ్యి చాపింది. మొహం లేదు, మణికట్టు ఒక్కటే. ఆ రోజు తీసినవాటిలో మిగతావేవీ దాని ముందు నిలవలేదు. పోజు పెట్టారనుకోండి, ఒకటి రెండు తీసి థ్యాంక్స్ చెప్పండి, కెమెరా మాత్రం దించకండి. అయిపోయిందనుకుని భుజాలు వదులు చేస్తారు చూశారా, మీకు కావలసింది అప్పుడు వస్తుంది. వద్దంటే సరేనని పక్కకి తప్పుకోండి, బతిమాలొద్దు.

ఉప్పూకారం:
నిరుత్సాహపరచాలని కాదు గానీ, అదంతా ఇప్పుడు వీధి కాదు, ఇంకో ర్యాంపు. బ్రాండ్లు అరువిచ్చిన బట్టలు వేసుకుని, ఫోటోగ్రాఫర్లు ఎక్కువున్న వైపు రోడ్డు దాటి, మళ్లీ వెనక్కొచ్చి మళ్లీ దాటేవాళ్లని కళ్లారా చూశాను. ఫ్యాషన్ జర్నలిస్టు సూజీ మెంకెస్ 2013లోనే దీన్ని సర్కస్ అని రాసింది. అక్కడ తీసింది ఆ పూటే వంద చోట్ల ఉంటుంది.

మూడోకన్ను:
@ఉప్పూకారం ఒప్పుకుంటా, అందుకే ఆ రోడ్డు దాటేవాళ్లని వదిలేయమంటున్నా. పక్క తలుపు వైపు వెళ్లండి. జుట్టు ఇంకా షో జెల్‌తో బిగుసుకుని ఉండగానే మామూలు జీన్సులో బయటపడే మోడళ్లు, బట్టల సంచులు రెండు భుజాలకీ వేలాడేసుకుని పరిగెత్తే అసిస్టెంట్లు, పొద్దున్నుంచీ నిలబడే ఉంటారు కాబట్టి బూట్లు మాత్రం మంచివి వేసుకునే సిబ్బంది. వాళ్ల బట్టలు ఎవరూ అరువివ్వలేదు.

కాగితంపులి:
అమ్మకం సంగతి ఎవరూ ముట్టుకోలేదు. తీయడం వేరు, వాడటం వేరు, రెంటినీ కలపొద్దు. అమెరికాలో పబ్లిక్ స్థలంలో తీయడానికి మామూలుగా అనుమతి అక్కర్లేదు. అదే ఫోటోని ప్రకటనకో వ్యాపారానికో వాడాలంటే మాత్రం న్యూయార్క్ చట్టం రాతపూర్వకమైన సమ్మతి అడుగుతుంది. ఫ్రాన్స్‌లో ఇంకా గట్టిగా ఉంటుంది, తన రూపం మీద మనిషికి హక్కుందని కోర్టులు సివిల్ కోడ్ 9వ ఆర్టికల్ ఆధారంగా చెబుతూ వస్తున్నాయి, అందుకని మొహం గుర్తుపట్టేలా ప్రచురించేముందు ఆలోచించుకోవాలి. మీరు వెళ్లే దేశం నియమం చదువుకునే వెళ్లండి. పత్రికకి వార్తగా ఇవ్వడం ఒకటి, బట్టల కంపెనీ హోర్డింగుకి ఇవ్వడం ఇంకొకటి, రెండోదానికి రిలీజ్ (ఫోటోలోని మనిషి ఇచ్చే అనుమతి పత్రం) మీద సంతకం లేకపోతే ఎవరూ ముట్టుకోరు. పిల్లలుంటే తల్లిదండ్రుల్ని అడక్కుండా వద్దు.

ఇంకోటి, ఫోటో పోస్ట్ చేసి బ్రాండ్‌ని ట్యాగ్ చేస్తే సంబరపడి పైసా ఇవ్వకుండా వాడేసుకుంటారు. 2017లో ఈ కోపంతోనే కొంతమంది స్ట్రీట్ స్టైల్ ఫోటోగ్రాఫర్లు ఏకమై, నో ఫ్రీ ఫోటోస్ అని హ్యాష్‌ట్యాగ్ పెట్టి, ఇన్‌ఫ్లుయెన్సర్లని, బ్రాండ్లని ట్యాగ్ చేయడం మానేశారు. నా ఫోటో ఒకటి కూడా ఒక కంపెనీ నా పేరైనా వేయకుండా వాడుకుంది, బిల్లు పంపితే నెలల తరబడి ఉలుకూ పలుకూ లేదు. ఫైలులో మీ పేరు, తేదీ, చోటు మెటాడేటాగా రాసి పెట్టుకోండి, రేపు అడగడానికి ఆధారం ఉంటుంది.

గోడమీదపిల్లి:
అందరికీ చాలా థ్యాంక్స్. 70-200 ఊసెత్తను. పక్క తలుపు ఐడియా భలే నచ్చింది. ఒక్క డౌట్, వాన పడితే ఆ పూట మానుకోవడమేనా?

మూడోకన్ను:
మానుకోవడమా! వానకి సగంమంది ఫోటోగ్రాఫర్లు చూరు కిందికి పోతారు, మీకు వీధి ఖాళీ. నల్ల గొడుగు కింద మొహం చీకటైపోతుంది, ఎక్స్‌పోజర్ కాస్త పెంచుకోండి, పారదర్శకమైన గొడుగు వాళ్లు కనిపిస్తే వదలొద్దు. కెమెరాకి ప్లాస్టిక్ కవరు, లెన్సుకి హుడ్, జేబులో పొడి గుడ్డ రెండు. రోడ్డు మధ్యలో నిలబడి మాత్రం తీయకండి, తడి రోడ్డు మీద కార్లు వెంటనే ఆగవు.