అప్‌డేట్: హైబ్రిడ్ కారు ఆయిల్ మూత కింద తెల్ల పూత, కారణం తేలింది

జవాబులిచ్చిన అందరికీ ధన్యవాదాలు. ఆయిల్ పోసే మూత కింద మీగడలాంటి పూత కనిపిస్తోంది, 0డబ్ల్యూ-20 అనే పల్చటి ఇంజిన్ ఆయిల్ మానేసి దానికంటే చిక్కటి 5డబ్ల్యూ-30కి మారాలా అని ఇంతకుముందు అడిగాను.

మెకానిక్ ముందు కూలంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) చూశారు. మట్టం తగ్గలేదు, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ పాలరంగుకి తిరగలేదు. కాబట్టి హెడ్ గ్యాస్కెట్ (కూలంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే సీలు) పోయిందన్న అనుమానం అక్కర్లేదు, అది ఒట్టి తేమ. అమలాపురంలో రెండు మూడు కిలోమీటర్ల తిరుగుళ్లకి బండి చాలావరకు బ్యాటరీ మీదే నడుస్తుంది. ఇంజిన్ ఆగుతూ మొదలవుతూ సరిగా వేడెక్కదు, ఆయిల్‌లో చేరిన నీటి ఆవిరి, పెట్రోలు బయటికి పోవు. కోనసీమ వానాకాలపు చెమ్మ దానికి తోడు.

చిక్కటి ఆయిల్‌తో ఉపయోగం లేదు. అది తేమని ఆపదు, మైలేజీ తగ్గిస్తుంది. ఆయిల్‌లో విడిగా కలిపే అడిటివ్ కూడా అనవసరం. పనిచేసిన సలహా ఒక్కటే: వారానికోసారి ఇంజిన్ బాగా వేడెక్కేలా రావులపాలెం దాకా ఆపకుండా నడపడం. పూత పోయింది.

ఆయిల్ మాన్యువల్ చెప్పిన 0డబ్ల్యూ-20 ఫుల్ సింథటిక్, ఏపీఐ ఎస్‌పీ (ఆయిల్ నాణ్యత ప్రమాణం). ఇలాంటి చిన్న తిరుగుళ్లకి ఆయిల్ మార్చే గడువు మాత్రం 10,000 కి.మీ. కాదు, 5,000 కి.మీ. లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అది. ఫిల్టర్, డ్రెయిన్ బోల్ట్ వాషర్ ప్రతిసారీ కొత్తవి. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తే గడువు దాకా ఆగకండి, వెంటనే మార్పించండి.