స్వెట్టర్ మొదలుపెట్టే ముందు శాంపిల్ ముక్క అల్లి కొలవాల్సిందేనా?

నెల్లూరు ఊలుబుట్ట:

మా వీధిలో సాయంత్రం అల్లికలకు కూర్చునే ఆడవాళ్ళలో ఈ వారమంతా ఒకటే వాదన. న్యూజెర్సీలో ఉన్న అల్లుడికి స్వెట్టర్ అల్లాలని ఒకామె నెట్‌లో ప్యాటర్న్ తీసుకుంది. అందులో మొదట్లోనే గేజ్ 4 అంగుళాలకు 20 కుట్లు, 28 వరసలు అని ఉంది. ముందు చిన్న ముక్క అల్లి లెక్క చూసుకోమని నేనన్నాను. చెయ్యి తిరిగినవాళ్ళకు అదంతా ఎందుకు, ఊలు దండగ అని మిగతావాళ్ళన్నారు. మీరేమంటారు?

నా మాట నేను ముందే చెప్పేస్తాను. ఒంటికి సరిపోవాల్సిన బట్ట ఏదైనా సరే, ముక్క అల్లి కొలవాల్సిందే. పాత బ్రిటిష్ ప్యాటర్న్‌లలో టెన్షన్ అని రాసేది కూడా ఈ గేజ్‌నే. ఆ ఊలుతో, ఆ సూదులతో, మన చేతి బిగువుకు అంగుళానికి ఎన్ని కుట్లు పడుతున్నాయన్నదే ఆ లెక్క. 4 అంగుళాలకు 20 అంటే అంగుళానికి 5. ఛాతీ 40 అంగుళాలు కావాలంటే 200 కుట్లు. మన చెయ్యి కాస్త బిగువై 22 పడ్డాయనుకోండి, అవే 200 కుట్లకు వచ్చేది 36 అంగుళాల పైచిలుకు. వదులై 18 పడితే 44 దాటిపోతుంది. 21 పడినా రెండంగుళాలు తగ్గినట్టే. ముక్కలో ఒక్క కుట్టు తేడా కంటికి ఆనదు, ఒంటిమీద మాత్రం తెలిసిపోతుంది.

కావలి పెద్దమ్మ:

అమ్మాయ్, నేను పెళ్ళికి ముందు నుంచీ అల్లుతున్నాను. ఇంట్లో పిల్లలందరి స్వెట్టర్లూ, కుల్లాయిలూ, కాళ్ళకు సాక్సులూ నా చేతివే. ఏనాడూ ముక్క అల్లి కొలవలేదు. నాలుగంగుళాలు అల్లాక పిల్లాణ్ణి పిలిచి వీపుకు ఆనించి చూసేదాన్ని. చాలకపోతే విప్పేసి మళ్ళీ కుట్లు ఎక్కించేదాన్ని. మొదలుపెట్టిన స్వెట్టరే శాంపిల్, వేరే ముక్క ఎందుకు?

ఇంకో సంగతి. ఊలు లెక్కగా కొంటాం. ముక్కకు కొంత పోయి, చివర్లో ఒక ఉండ తక్కువైతే మళ్ళీ కొట్టుకు పోవాలి. అప్పటికి ఆ రంగు లాట్, అంటే ఒకే విడతలో రంగు వేసిన ఊలు, అయిపోయి ఉంటుంది. కొత్త లాట్ ఉండ పక్కన పెడితే చెయ్యి దగ్గర ఒక చార కనబడుతుంది. ఆ బాధ పడ్డవాళ్ళకే తెలుసు.

ఒంగోలు సూదులు:

ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. ఆ ప్యాటర్న్ అమెరికాదైతే సూది నంబరు చూసి మోసపోకండి. మన కొట్లలో దొరికే సూదులకు ఎక్కువగా పాత ఇంగ్లండ్ నంబర్లే ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. అమెరికా లెక్కలో నంబరు పెరిగేకొద్దీ లావు. మన 8 నంబరు సూది 4 మి.మీ., అమెరికా 8 నంబరు 5 మి.మీ. మన 10 నంబరు 3.25 మి.మీ., దానికి వాళ్ళ నంబరు 3. ప్యాటర్న్‌లో 8 అని ఉందని మన 8 నంబరు తీసుకుంటే మొదటి కుట్టు నుంచే లెక్క తప్పినట్టే. ఎప్పుడూ మిల్లీమీటర్లే చూసుకోండి.

ఊలు చీటీ మీద ప్లై అని ఉండేది కూడా అంతే. ఎన్ని పోగులు కలిపి పేనారో చెబుతుంది కానీ దారం లావు చెప్పదు. అదే చీటీ మీద చిన్న గడి బొమ్మ ఉంటే 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు పడతాయో ఉంటుంది. కంపెనీవాళ్ళు చెప్పే సుమారు లెక్క అది. ప్యాటర్న్‌లోని సూది సైజు కూడా ఆ డిజైన్ రాసినావిడ చేతికి కుదిరిన సైజే. నా చెయ్యి వదులు, ఎప్పుడూ ఒక సైజు సన్న సూది పట్టుకుంటే తప్ప లెక్క కుదరదు. కాబట్టి నా ఓటు ముక్కకే.

నెల్లూరు ఊలుబుట్ట:

పెద్దమ్మా, పిల్లాడు ఎదురుగా ఉన్నప్పుడు మీ పద్ధతే మంచిది, అందులో అనుమానం లేదు. కానీ ఇప్పుడు మన జిల్లాలో మనం ఎవరికోసం అల్లుతున్నాం? నెల్లూరు ఎండలకు స్వెట్టర్ వేసుకునేదెవరు? చంటిపిల్లల కుల్లాయిలు తీసేస్తే, మిగతాదంతా అమెరికాకో కెనడాకో పార్సిల్ అయ్యేదే. వీపుకు ఆనించి చూద్దామంటే ఆ వీపు ఇక్కడ లేదు. ఫోన్లో చెప్పిన ఛాతీ కొలత ఒక్కటే మన చేతిలో ఉంది. ఆ కొలతను కుట్లలోకి మార్చాలంటే గేజ్ తప్ప దారి లేదు.

మొదలుపెట్టిన స్వెట్టరే శాంపిల్ అన్న మాట ఒప్పుకోలేను. 200 కుట్లు సూది మీద ఉన్నప్పుడు బట్ట పరుచుకోదు. సూది దాన్ని కుచ్చిళ్ళలా పట్టి ఉంచుతుంది. కింద ఎక్కించిన అంచు, దాని మీద గీతల్లా వచ్చే సాగే పట్టీ (రిబ్బు) రెండూ లోపలికి లాగుతుంటాయి. అక్కడ కొలిస్తే బట్ట అసలు వెడల్పు ఎలా తెలుస్తుంది?

కొలిచే తీరు కూడా చెప్పుకోవాలి. చాలామంది ముక్క అల్లి కూడా కొలతలో తప్పుతున్నారు. ముక్క ఆరంగుళాలు తగ్గకుండా ఉండాలి. నాలుగు పక్కలా అంచులు వదిలేసి, నడిమధ్య నాలుగంగుళాలే కొలవాలి. సూదిమీద నుంచి దించి, బల్లమీద పరచాలి. చేత్తో సాగదీయకూడదు. గుడ్డ టేపు పాతబడితే సాగుతుంది, స్కేలు పెట్టండి. రెండు చివర్లా గుండుసూదులు గుచ్చి మధ్యలో కుట్లు లెక్కపెట్టండి. స్టాకినెట్‌లో, అంటే ముందువైపు నున్నగా ఉండే మామూలు అల్లికలో, ఒక్కో కుట్టు చిన్న వి ఆకారంలో కనిపిస్తుంది. చివర్లో సగం వి వస్తే ఆ సగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక్క అంగుళమే కొలిచి వదిలేస్తే ఆ సగమే ముంచుతుంది. 5 అనుకున్నది నిజానికి 5న్నర అయితే నూటికి పది తేడా.

ఊలు దండగ అన్నారు. ఆరంగుళాల ముక్కకు యాభై గ్రాముల ఉండలో సగం కూడా పట్టదు. మొదట్లోనే ఒక ఉండ ఎక్కువ, అదే లాట్‌లో కొనిపెట్టుకుంటే మీరు చెప్పిన చార బాధ కూడా ఉండదు.

పాటూరు మగ్గం:

మాది నేత కుటుంబం. నేను సూదులు పట్టి కొన్నేళ్ళే అయింది. ముక్క అల్లాలా వద్దా అని వాదించుకుంటున్నారు గానీ, ముక్కను ఉతికి కొలవాలని ఎవరూ అనలేదు. మగ్గం మీద బట్ట బిగించి ఉంటుంది. దింపగానే కొంత ముడుచుకుంటుంది, తడిపి ఆరేశాక ఇంకొంత. అందుకే పన్నెలో (పడుగు పోగులు దూర్చే దువ్వెన లాంటిది) వెడల్పు పెట్టుకునేటప్పుడే ఆ తరుగు కలుపుకుంటాం. సూదుల అల్లికకూ ఆ లెక్క ఉంది, ఊలును బట్టి మారుతుంది.

మామూలు ఉన్ని నీళ్ళలో నాని ఆరితే కుట్లు సర్దుకుంటాయి. మెషీన్‌లో ఉతికేలా తయారుచేసిన సూపర్‌వాష్ ఉన్ని తడిస్తే బాగా వదులవుతుంది. నూలు దారం బరువు. చిన్న ముక్కలో ఆ బరువు తెలియదు, పూర్తి స్వెట్టర్ భుజాల నుంచి వేలాడేటప్పుడు కిందికి సాగుతుంది. నూలు ముక్కను ఆరేసేటప్పుడు కింది అంచుకు నాలుగు క్లిప్పులు తగిలించి వేలాడదీయండి. తీశాక కొలిస్తే కుట్ల లెక్కా, వరసల లెక్కా రెండూ మారి ఉంటాయి. అసలు అంకె అదే. మన కొట్లలో ఎక్కువగా దొరికే యాక్రిలిక్‌కు నీళ్ళతో పెద్ద మార్పు ఉండదు. దానికి ప్రమాదం వేడితోనే. ఇస్త్రీ పెట్టె ఆనిస్తే చచ్చుబడి జారిపోతుంది, మళ్ళీ ముడుచుకోదు.

మనకున్న చిక్కు ఇంకొకటి. కార్తీకంలో ముసురు పట్టిందంటే ఆ ముక్క ఎంతకీ ఆరదు. పైన పొడిగా ఉన్నా లోపల చెమ్మ ఉంటుంది. తువ్వాలులో చుట్టి నీళ్ళు పిండి, ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే కొలవండి.

కావలి పెద్దమ్మ:

వేసుకునేవాడు ఎదురుగా లేడన్న మాట ఒప్పుకుంటున్నాను. నా పెద్ద మనవరాలు డల్లాస్‌లో ఉంది, దానికి అల్లింది నేనూ చూసుకోలేకపోయాను. కానీ మఫ్లర్‌కు, చంటిబిడ్డ కుల్లాయికి, దుప్పటికి కూడా ముక్క అల్లమంటే నేను ఒప్పుకోను. పసిబిడ్డ నెలలో పెరిగిపోతుంది, కుల్లాయి అరంగుళం అటూ ఇటూ అయితే ఏం మునిగిపోయింది?

స్వెట్టర్‌కైతే నా పద్ధతి ఇది. ముందు చెయ్యి మొదలుపెడతాను. చెయ్యి సన్నం, కుట్లు తక్కువ. సగం అల్లి, దించి, తడిపి కొలుస్తాను. కుదిరితే అదే స్వెట్టర్ చెయ్యి అవుతుంది, కుదరకపోతే విప్పుతాను. ఊలు దండగ లేదు, లెక్కా తప్పదు.

ఒంగోలు సూదులు:

పెద్దమ్మ చెప్పింది కొట్టిపారేసేది కాదు. ఎలిజబెత్ జిమ్మర్‌మన్ (1910–1999) అని ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ అల్లిక గురువు ఉండేవారు. ముక్క బదులు ఒక టోపీ అల్లి దాని మీద గేజ్ కొలుచుకోమనేవారు. ఆవిడ స్వెట్టర్ లెక్కంతా గేజ్‌తోనే మొదలు. ఛాతీ కుట్లను నూరు శాతంగా పెట్టుకుని మిగతావి అందులోంచి తీసేవారు. అంటే కొలవడం మానలేదు, కొలిచే ముక్క పనికొచ్చే వస్తువు కావాలన్నారు.

నెల్లూరు ఊలుబుట్ట:

టోపీకి ఒప్పుకుంటాను. గుండ్రంగా అల్లే స్వెట్టర్‌కు అదే మేలు కూడా. గుండ్రంగా స్టాకినెట్ అల్లేటప్పుడు అన్నీ నిట్ కుట్లే (సూటి కుట్లే) పడతాయి. వెనక్కీ ముందుకీ తిరిగి అల్లితే వరస విడిచి వరస పర్ల్ (తిరగ కుట్టు) పడుతుంది. చాలామందికి పర్ల్ కాస్త వదులు. కాబట్టి స్వెట్టర్ ఎలా అల్లబోతున్నామో ముక్క కూడా అలాగే అల్లాలి. సన్న చెయ్యి మీద కొలిచిన లెక్క వెడల్పు ఒంటికి ప్రతిసారీ కుదరదని నేననేది ఇందుకే. కొద్ది కుట్లు తిప్పేటప్పుడు ఉండే బిగువు, పెద్ద చుట్టులో ఉండదు. మఫ్లర్‌కు, దుప్పటికి గేజ్ తప్పినా కొంప మునగదు, ఊలు ఎంత పడుతుందన్నదే మారుతుంది. అక్కడ మీ మాటే ఖాయం.

కనిగిరి కొత్త సూది:

అక్కా, నేను కొత్తగా నేర్చుకుంటున్నాను. ఇలాంటి ప్యాటర్నే, 20 కుట్లు రావాలి. మన 9 నంబరు సూదితో అల్లి, ఉతికి ఆరేసి కొలిస్తే 21 వచ్చాయి. 8 నంబరుతో 19న్నర. వరసలు మాత్రం 28 బదులు 32 వస్తున్నాయి. ఏది పట్టుకోను?

నెల్లూరు ఊలుబుట్ట:

అమ్మా, రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చేత్తో పట్టుకుని చూడు. ఏది మెత్తగా, రంధ్రాలు కనబడకుండా ఉందో ఆ సూదే తీసుకో. తర్వాత కుట్ల లెక్క నువ్వే వేసుకో. 40 అంగుళాలకు 8 నంబరైతే 195, 9 నంబరైతే 210. ప్యాటర్న్‌లో అంకె 200 ఉందని దానికి కట్టుబడక్కర్లేదు. డిజైన్‌కు రెండు, మూడు చొప్పున కుట్లు కావాలంటే దగ్గరి సంఖ్యకు సర్దుకో.

వరసల సంగతి ఇంకాస్త జాగ్రత్త. ఒంటి పొడవుకైతే వరసలు లెక్కపెట్టకుండా టేపు పెట్టి 15 అంగుళాలు వచ్చేదాకా అల్లితే సరిపోతుంది. భుజం దగ్గర అది కుదరదు. ర్యాగ్లాన్‌లో (మెడ నుంచి చంక దాకా చెయ్యి ఏటవాలుగా కలిసే తీరు) 56 వరసలు అల్లమని రాస్తే, వాళ్ళ లెక్కకు అది 8 అంగుళాలు. నీకు అంగుళానికి 8 వరసలు పడుతున్నాయి కాబట్టి 7 అంగుళాలకే అయిపోతుంది, చంక పట్టేస్తుంది. అక్కడ ఇంకో 8 వరసలు కలుపు. కుట్లు పెంచే వరసలకు మధ్య వాటిని విడివిడిగా పంచు, ఒకే చోట పెట్టకు. మొదలుపెట్టే ముందు ప్యాటర్న్ కాగితం మీద ఈ అంకెలన్నీ రాసిపెట్టుకో.

కావలి పెద్దమ్మ:

ఆ అమ్మాయికి ఒక మాట నేనూ చెబుతాను. ముక్క విప్పేయకు. ఊలు చీటీ, సూది నంబరు దానికే దారంతో కట్టి దాచు. మళ్ళీ అదే ఊలు కొన్నప్పుడు పనికొస్తుంది. నేను మాత్రం చెయ్యి దగ్గరే మొదలుపెడతాను.