చిత్తూరు–వేలూరు బస్సు అడిగితే ‘ఇంటర్‌స్టేట్’ అంటున్నారు. ఎవర్ని, ఏమని అడగాలి?

గుడిపాల రోడ్డు:
అందరికీ నమస్కారం. గుడిపాల మండలంలో తమిళనాడు సరిహద్దును ఆనుకున్న ఊళ్ల నుంచి పొద్దున 6 గంటలకు వేలూరు పోయే బస్సు కావాలని అడుగుతా ఉన్నాం. సీఎంసీ ఆస్పత్రికి పోయే రోగులు, కాట్పాడిలో రైలు పట్టుకునేవాళ్లు, కాలేజీ పిల్లోళ్లు ఉన్నారు. డిపోలో అడిగితే "అది ఇంటర్‌స్టేట్, మా చేతుల్లో లేదు" అన్నారు. మరి ఎవరి చేతుల్లో ఉన్నట్టు? ఇంకో సంగతి. ఊళ్లో ఒకాయనకు 17 సీట్ల టెంపో ట్రావెలర్ ఉంది. తలకింత అని తీసుకుని రోజూ తిప్పుతానంటున్నాడు. కుదురుతుందా?

పాకాల జంక్షన్:
అన్నా, డిపోవాళ్లు అబద్ధం చెప్పలేదు, సగం చెప్పి వదిలేశారు. మోటారు వాహనాల చట్టం 1988లో 88వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్‌కు పక్క రాష్ట్రం కౌంటర్‌సంతకం పెడితేనే అక్కడ చెల్లుతుంది. ఏ రూటులో ఎవరికెన్ని పర్మిట్లన్నది రెండు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకుంటాయి. ఆ ఒప్పందం కింద ఒక పట్టిక ఉంటుంది. మీరు పట్టుకోవాల్సింది దాన్నే. రూటు పేరు, మొత్తం దూరం, అందులో ఆంధ్రలో ఎంత, తమిళనాడులో ఎంత, ఏ రాష్ట్రానికి ఎన్ని బస్సులు, రోజుకెన్ని ట్రిప్పులు అని గళ్లు గళ్లుగా రాసుంటుంది.

అక్కడ బేరం బస్సుల మీద కాదు, కిలోమీటర్ల మీద నడుస్తుంది. మన బస్సులు వాళ్ల నేల మీద ఎన్ని కిలోమీటర్లు తిరిగితే, వాళ్లవి మన నేల మీద అంచనాగా అన్నే తిరగాలి. అర్థం కావడానికి గుండ్రంగా లెక్క వేద్దాం. చిత్తూరు–వేలూరు 40 కిలోమీటర్లు, అందులో 22 మనవి, 18 వాళ్లవి అనుకోండి. మన బస్సు నాలుగు రౌండు ట్రిప్పులు వేస్తే తమిళనాడులో తిరిగింది 18 × 2 × 4, అంటే 144. వాళ్లది వేలూరు–తిరుపతి బస్సు ఒకటి ఉంది. మన వైపు 92 కిలోమీటర్లు అనుకుంటే ఒక్క రౌండుకే 184 అయిపోయింది. అంటే ఈ లెక్కలో మనం ఐదో రౌండు వేసినా 180తో సరిపోతుంది. ఆరోది అడిగితే 216 అవుతుంది, అప్పుడు "మాకేం ఇస్తారు" అని వాళ్లు అడుగుతారు. అసలు అంకెలు పట్టికలో చూసుకుని ఇదే లెక్క వేయండి. దరఖాస్తులో ఈ రెండు లైన్లు ఉంటే ఆఫీసులో చదివే తీరే మారిపోతుంది.

కిలోమీటర్ల పట్టు ఎంత గట్టిదో తెలియాలంటే ఆంధ్ర–తెలంగాణ ఒప్పందం చూడండి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు ఆగిన బస్సులు నవంబరు 2న సంతకాలయ్యాకే మళ్లీ కదిలాయి. చెరొక 1.61 లక్షల కిలోమీటర్లకు కుదిరింది. అందుకోసం ఆంధ్ర అంతకుముందు తిప్పుతున్న దాంట్లో లక్ష కిలోమీటర్లకు పైగా వదులుకుంది. బస్సులు మాత్రం సమానం కావు, మనవి 638, వాళ్లవి 826.

గుడిపాల రోడ్డు:
అంటే మా ఒక్క బస్సు కోసం రెండు ప్రభుత్వాలు కూర్చోవాలా సార్? అయ్యే పనేనా?

పాకాల జంక్షన్:
ప్రతిదానికీ అక్కర్లేదు. మీరు అడిగేది మూడు రకాల్లో ఏదో ముందు తేల్చుకోండి.

పట్టికలో ఉండి నడవని ట్రిప్పు ఏదైనా ఉందేమో చూడండి. బస్సుల కొరతతోనో సిబ్బంది లేకనో నిలిపేసినవి సరిహద్దు రూట్లలో తగులుతుంటాయి. అలాంటిది ఉంటే కొత్త ఒప్పందం ఊసే రాదు, నడపమని అడగడమే. రెండోది, నడుస్తున్న ట్రిప్పుకే టైము జరపడం, లేదా చిత్తూరులో కాకుండా మీ ఊళ్లో మొదలయ్యేలా చేయడం. ఊరు రూటు మీదే ఉంటే తేలిక. లోపలికి మళ్లించాలంటే పర్మిట్‌లో రూటు మార్పు కిందికొస్తుంది, కొంచెం నలుగుతుంది. మూడోది పట్టికలోనే లేని కొత్త రూటు, కొత్త పర్మిట్. అది పెద్ద పని. 88వ సెక్షన్ 5వ ఉపసెక్షన్ ప్రకారం రెండు ప్రభుత్వాలూ ప్రతిపాదనను గెజిట్‌లో వేయాలి, ఆ ప్రాంతపు భాషలో వచ్చే పేపర్లోనూ వేయాలి, అభ్యంతరాలకు కనీసం 30 రోజులు గడువివ్వాలి. ఒప్పందం కుదిరాక మళ్లీ గెజిట్. ఆ 30 రోజుల్లో ఎవరైనా రాతపూర్వకంగా చెప్పుకోవచ్చు. మామూలుగా అప్పుడు రాసేది బస్సు యజమానులే, ఊళ్లవాళ్లకు ఆ సంగతే తెలియదు. గడువు దాటాక వంద సంతకాలు పెట్టినా ఫైలు వెనక్కి రాదు.

ఏ రకమో తెలియాలంటే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. జిల్లా ఆఫీసుకు 10 రూపాయలు ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఎందుకు బస్సు వేయడం లేదు" అని రాయకండి. అది సమాచారం కాదు, ప్రశ్న కిందికొస్తుంది, తిప్పి పంపేస్తారు. ఇలా రాయండి: "చిత్తూరు–వేలూరు రూటుకు సంబంధించి ప్రస్తుతం అమల్లో ఉన్న ఆంధ్రప్రదేశ్–తమిళనాడు అంతర్రాష్ట్ర ఒప్పందం పట్టిక నకలు ఇవ్వగలరు. అందులో ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించిన ట్రిప్పులు ఎన్ని, గత 6 నెలల్లో నెలవారీగా నడిచినవి ఎన్ని, రద్దయినవి ఎన్ని, వాటి రికార్డు నకలు ఇవ్వగలరు." అంతే. దీనికి మూడో వాక్యం కలపొద్దు.

మొగిలి ఘాట్:
టెంపో సంగతి నేను చెప్తా. తలకింత అని టికెట్టు లెక్కన తీసుకుంటే, ఆరుగురికి మించి ఎక్కే బండి ఏదైనా సరే చట్టం దృష్టిలో స్టేజ్ క్యారేజ్, అంటే టికెట్టు బస్సు కింద లెక్క. ఆయన దగ్గరున్నది కాంట్రాక్ట్ క్యారేజ్ (బండి మొత్తం ఒకే బేరానికి తిప్పే) పర్మిట్ అయుంటుంది, దాంతో అది కుదరదు. ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ తీసుకున్నా కుదరదు. ఈ రెండోదే చాలామంది పొరపడేది. దేశమంతా తిరగొచ్చు కదా, దారిలో ఎక్కించుకుంటే ఏముంది అంటారు. తిరగొచ్చు గాని, మాట్లాడుకున్న గుంపును తీసుకుపోవడానికే. అందులో ఎవరెక్కడ ఎక్కుతారో, ఎక్కడ దిగుతారో చూపే ప్యాసింజర్ల జాబితా బండిలో ఉండాలి.

పట్టుబడితే 192ఏ సెక్షన్. మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు కూడా పడొచ్చు. 207 కింద బండి ఆపి పెట్టేస్తారు. వీటికంటే ఇన్సూరెన్స్ దెబ్బ పెద్దది. పర్మిట్‌కు విరుద్ధంగా తిప్పుతుంటే ప్రమాదమైందనుకోండి, కంపెనీ ముందు డబ్బు కట్టినా తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవచ్చు. 17 మంది ఉన్న బండి. ఇల్లు అమ్మినా తీరదు.

స్టేజ్ క్యారేజ్ పర్మిట్టే తీసుకుంటానంటే, ఆ రూటు ఆర్టీసీకి నోటిఫై అయి, అంటే ఆర్టీసీకే అని ప్రకటించి ఉందేమో ముందు చూసుకోమనండి. అయుంటే 104వ సెక్షన్ అడ్డం. కాకపోయినా, పైన అన్న చెప్పిన ఒప్పందం పట్టికలో ఖాళీ లేకుండా తమిళనాడు కౌంటర్‌సంతకం పెట్టదు.

గుడిపాల రోడ్డు:
సరే సార్. రోజూ కాదు, వారానికోసారి పది పదిహేను మంది రోగులు కలిసి మొత్తం బండే మాట్లాడుకుంటే?

మొగిలి ఘాట్:
అప్పుడు దారి ఉంది. 88లోనే 8వ ఉపసెక్షన్ కింద స్పెషల్ పర్మిట్. బండి మొత్తం ఒకే బేరం మీద పోవాలి, దారిలో కొత్తవాళ్లు ఎక్కకూడదు. దీనికి తమిళనాడు కౌంటర్‌సంతకం అక్కర్లేదు. పర్మిట్ మన రవాణా శాఖ దగ్గర ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, తమిళనాడు ట్యాక్సు వేరే కట్టాలి. పరివాహన్ సైటులో చెక్‌పోస్ట్ ట్యాక్స్ పేజీ తెరిచి, ‘విజిటింగ్ స్టేట్’ దగ్గర తమిళనాడు, సర్వీసు దగ్గర ‘వెహికల్ ట్యాక్స్ కలెక్షన్, అదర్ స్టేట్’ ఎంచుకోండి. బండి నంబరు కొట్టి ‘గెట్ డీటెయిల్స్’ నొక్కితే ఆర్సీలో ఉన్నవి వచ్చేస్తాయి. ప్రవేశించే చెక్‌పోస్టు, ఎన్ని రోజులు, పర్మిట్ రకం నింపి డబ్బు కట్టండి.

తప్పులు జరిగేది మూడు చోట్ల. సీట్ల సంఖ్య: డ్రైవరుతో కలిపా, కలపకుండానా అన్నది ఆర్సీలో ఉన్నట్టే పడిందో లేదో చూడండి. తేదీ: రాత్రి 11 గంటలకు బయల్దేరి అవతల 1 గంటకు చేరితే అది రెండో రోజు. తిరుగు ప్రయాణం: కాట్పాడి స్టేషన్ బయట ఎవరో చిత్తూరు వస్తామంటే ఎక్కించుకుంటారు, జాబితాలో వాళ్లుండరు, అక్కడే దొరికిపోతారు. రసీదు ఫోనులో ఉంటే చాలనుకోవద్దు, కాగితం మీద తీసి పర్మిట్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్, పొల్యూషన్‌తో కలిపి పెట్టుకోమనండి.

నెలకోసారో రెండుసార్లో అయితే స్పెషల్ పర్మిట్ చాలు. వారం వారం ఖాయమైతే టూరిస్ట్ పర్మిట్ ఫీజుతో పోల్చి చూసుకోమనండి. 2023 మే నుంచి వచ్చిన నియమాల ప్రకారం దరఖాస్తు చేసిన 7 రోజుల్లో తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క. రోగులు సొంత వైట్‌బోర్డు కారులో పోతే వీటిలో ఏదీ అక్కర్లేదు.

సత్యవేడు సెంటర్:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోవద్దు. సత్యవేడు నుంచి ఊత్తుకోట్టైకి ఆటోలు పోవచ్చా? దగ్గరే కదా.

మొగిలి ఘాట్:
దగ్గరా దూరమా అన్నది కాదమ్మా. ఆటో పర్మిట్‌లో రాసిన ఏరియా దాటితే పర్మిట్ లేనట్టే. సరిహద్దు దగ్గర దింపి, అవతల వాళ్ల ఆటో ఎక్కించడమే.

పాకాల జంక్షన్:
ఈ ‘సరిహద్దులో దిగి మారడం’ అన్నది గుడిపాల అన్నకూ పనికొస్తుంది. ఇంటర్‌స్టేట్ బస్సు కోసం చూస్తూ కూర్చోకుండా, నరహరిపేట దాకా పొద్దున పల్లెవెలుగు అడగండి. సరిహద్దు దాటదు కాబట్టి ఏ ఒప్పందమూ అక్కర్లేదు, జిల్లా స్థాయిలోనే తేలిపోతుంది. పైగా 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం పల్లెవెలుగులో ఉంది, ఇంటర్‌స్టేట్ బస్సుల్లో లేదు. అవతల తమిళనాడు బస్సు టైము కనుక్కుని, దానికి 10 నిమిషాల ముందు మన బస్సు చేరేలా అడగాలి. 5 నిమిషాలైతే లగేజీతో, రోగితో అందదు. 30 అయితే జనం విసుగెత్తి షేర్ ఆటో ఎక్కేస్తారు, బస్సు ఖాళీగా పోతుంది, మూడు నెలల్లో ఎత్తేస్తారు.

ఇంకొకటి, 6 గంటల బస్సు అంటే ముందురోజు రాత్రే బస్సు మీ ఊళ్లో ఉండాలి. చిత్తూరు నుంచి తెల్లారేముందు ఖాళీ బస్సు పంపడానికి ఏ డిపోకూ మనసొప్పదు. నైట్ హాల్ట్ అడగండి. అడిగేటప్పుడే డ్రైవరు, కండక్టరు పడుకోవడానికి గది, నీళ్లు, మరుగుదొడ్డి, బస్సు తిప్పుకునే చోటు పంచాయతీ ఇస్తుందని తీర్మానం జతచేయండి. నైట్ హాల్ట్‌లు ఆగిపోయేది ఆదాయం లేక అనుకుంటారు గానీ, చాలా చోట్ల సిబ్బందికి పడుకునే చోటు లేకే.

గుడిపాల రోడ్డు:
దరఖాస్తు ఎవరికి ఇవ్వాల? సంతకాలు ఎన్ని కావాల?

పాకాల జంక్షన్:
సంతకాల సంఖ్యకు విలువ తక్కువ. రెండు వారాలు రోజూ, స్టాపు వారీగా, 5:30 నుంచి 7 లోపు వేలూరు వైపు పోయేవాళ్లను లెక్కపెట్టి పట్టిక వేయండి. ఎక్కడ దిగుతారో కూడా రాయండి: కాట్పాడి స్టేషనా, వేలూరు కొత్త బస్టాండా, సీఎంసీయా. సీఎంసీకి రాణిపేట దగ్గర ఇంకో క్యాంపస్ కూడా ఉంది, అక్కడికి పోయేవాళ్లను వేరే గడిలో వేయండి, దారే వేరు. ఆదివారం ఆస్పత్రి రద్దీ ఉండదు, ఆ రోజు సంఖ్య తక్కువొస్తే తక్కువే రాయండి. ఆదివారం మినహా నడపమని మీరే అడిగితే డిపోకు లెక్క కుదురుతుంది.

మన వైపు జిల్లా ప్రజా రవాణా అధికారికి ఇవ్వండి. నకలు సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్‌ఎస్‌లో (ప్రజల ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) నమోదు చేయించి రసీదు నంబరు తీసుకోండి. తమిళనాడు వైపు పొరపాటు పడేది ఇక్కడే. వేలూరు ఆర్టీసీ రీజియన్ విళుప్పురం కార్పొరేషన్ కిందికొస్తుంది, చెన్నైకి రాస్తే అక్కడినుంచి విళుప్పురం, అక్కడినుంచి వేలూరు తిరిగేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. నేరుగా వేలూరు జనరల్ మేనేజరుకు, నకలు విళుప్పురం ఎండీకి పంపండి. తమిళంలోనో ఇంగ్లీషులోనో రాయండి, తెలుగు కాగితం అక్కడ పక్కన పడుంటుంది. సీఎం హెల్ప్‌లైన్ విచిత్రంగా రెండు రాష్ట్రాల్లోనూ 1100. సరిహద్దులో ఫోను ఏ టవరు పట్టుకుందో చూసుకుని చెయ్యండి.

నగరి గేట్:
దక్షిణ ప్రాంతీయ మండలికి రాస్తే? ముఖ్యమంత్రులంతా వస్తారు కదా.

పాకాల జంక్షన్:
రవాణా ఆ మండలి పరిధిలోనిదే. 1956 రాష్ట్రాల పునర్విభజన చట్టంలో అంతర్రాష్ట్ర రవాణా అని పేరు పెట్టి మరీ రాశారు. 29వ సమావేశం 2021 నవంబరు 14న మన తిరుపతిలోనే జరిగింది, అధ్యక్షత కేంద్ర హోంమంత్రిది. కానీ అది సలహా మండలి. ఎజెండాలోకి పోయే ముందు ప్రధాన కార్యదర్శుల స్థాయి సంఘం వడపోస్తుంది. ఒక్క బస్సుతో పోతే అక్కడిదాకా చేరదు. సరిహద్దు మండలాలన్నిటి ట్రిప్పుల లెక్క ఒకచోట పెట్టి, ఒప్పందం తిరగరాయాలని ప్రభుత్వం ద్వారా పంపితే మాట వేరు.

నగరి గేట్:
కాట్పాడి రైలు డబ్లింగ్ (రెండో లైను వేయడం) అయితే బస్సు గోలే ఉండదేమో.

పాకాల జంక్షన్:
తిరుపతి–పాకాల–కాట్పాడి 104 కిలోమీటర్ల డబ్లింగుకు 2025 ఏప్రిల్‌లో 1,332 కోట్లతో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. రైలుకు రాష్ట్రాల కౌంటర్‌సంతకం బాధ లేదు. కానీ ఎక్కువ రైళ్లు చిత్తూరులోనే ఎక్కాలి, గుడిపాల అన్న వాళ్లు వెనక్కి చిత్తూరు పోయి ఎక్కుతారా? బస్సే గతి. అన్నా, ముందు ఆర్టీఐ వేసెయ్యండి. ఆ 30 రోజులు గడిచేలోపు తలల లెక్క, పంచాయతీ తీర్మానం రెండూ చేతికొస్తాయి. పట్టిక వచ్చాక ఆ పేజీ ఇక్కడ పెట్టండి, కిలోమీటర్ల లెక్క కలిసి వేద్దాం.